పది తేత్రీల లిఫ్టు

ఆ భవనంలో లిఫ్టు ఊరికే కదలదు.
పది తేత్రీల నాణెం మింగితేనే పైకి మోస్తుంది.
తిబిలిసిలో ఇలాంటివి ఇంకా మిగిలే ఉన్నాయి.
ఎనిమిదో అంతస్తులో లామారా గది,
నేల మీద పాత జిమ్నాస్టిక్స్ చాపలు,
గోడకి చేరవేసిన ఏడు కుర్చీలు.

"నాణెం లేకపోతే ఇంటికి పో.
మెట్లన్నీ ఎక్కొచ్చి
ఇక్కడ ఊపిరి వెతుక్కోకు."
మొదటి రోజు పాఠం అదే.
రెండోది, డాక్టరు సంతకం పెట్టిన కాగితం.
అది చూపిస్తే గానీ బూట్లు విప్పనివ్వలేదు.

నాకు నవ్వొచ్చింది.
పెళ్లికి ముందు తలకిందులుగా నిలబడి
నిమిషాలు లెక్కపెట్టుకున్నదాన్ని.
రొట్టెల బట్టీలో పనిచేసేదాన్ని,
తోనె అంచు మీంచి నడుం వంచి
నిప్పుల మీదికి వేలాడుతూ
మట్టి గోడకి పిండి అతికించేదాన్ని.
కుర్చీ పట్టుకు నిలబడమంటుందేమిటి ఈవిడ!

లామారా నా అరచేతులు వాసన చూసింది.
"బట్టీ మానెయ్. వేడి నీకు అలవాటే,
లోపలున్నదానికి కాదు."

మానేశాను.
కిటికీ దగ్గర కూర్చుని అమ్ముతున్నాను.
ఓతార్ ఒక్కడే వంగుతున్నాడు పొయ్యిలోకి,
కనుబొమలు కాల్చుకుంటూ, సణుక్కుంటూ.

నాలుగో నెలలో మెలి తిరగడాలు పోయాయి.
ఆరో నెలకి వెల్లకిలా పడుకోవడమూ పోయింది.
ఎడమ పక్కకి ఒత్తిగిలి
మోకాళ్ల మధ్య ఒక దిండు,
పొట్ట కింద మడిచిన తువ్వాలు.
ఊపిరి బిగబట్టడం మొదట్నించీ లేదు.
"మాట రావడం లేదంటే ఎక్కువ చేస్తున్నట్టే" అని
ఆమే మాతో కబుర్లు చెప్పిస్తుంది.
అందుకే మా ఆసనాల నిండా
వంకాయల ధర, వాచిన పాదాలు, అత్తగార్లు.
మార్జాలాసనంలో నాలుగు కాళ్ల మీదుండగానే
మక్వాలా తన మొగుడు కొన్న డొక్కు కారుని
చక్రం చక్రం చొప్పున తిట్టింది.

నెస్తాన్ మాత్రం వినేది.

ఒక గురువారం వీరభద్రాసనం.
(పేరు మాకెవరికీ నోరు తిరగదు,
లామారా "కత్తి పట్టినవాడు" అంటుంది.)
గోడ మీంచి నెస్తాన్ చెయ్యి జారింది.
"ఏం లేదు, కళ్లు తిరిగాయి, అంతే."
"అంతే" అన్న మాట లామారా దగ్గర చెల్లదు.
కూర్చోబెట్టి, పక్కకి ఒరగబెట్టి,
ఫోను తీసింది.
అప్పుడు చూశాం చాప మీద
దానిమ్మ గింజంత మరక.

కింద అంబులెన్సు ఆగింది.
స్ట్రెచరు పట్టుకుని కుర్రాడొకడు
తలెత్తి అరిచాడు: "నాణెం! నాణెం వెయ్యండి!"
సంచులన్నీ దులిపాం.
కార్డులున్నాయి, కాగితాలున్నాయి, మందులున్నాయి.
లామారా బూటు అడుగున వేలు పెట్టి
నల్లబడ్డ పది తేత్రీలు తీసింది.
మేజోడులో మూటకట్టి
ఎనిమిదో అంతస్తు కిటికీలోంచి విసిరింది.
అదక్కడ ఎన్నేళ్లుగా ఉందో,
ఎవరి కోసం దాచడం మొదలుపెట్టిందో
మేం అడగలేదు.

బిడ్డ గుండె కొట్టుకుంటోందట.
నెస్తాన్ మంచం దిగకూడదట.
ఆమె చాప ఎవరూ చుట్టలేదు.
గురువారం గురువారం దాని మీద
వేడి తగ్గిన రొట్టె పెడతాను,
మక్వాలా ఆ డొక్కు కార్లోనే
ఆసుపత్రికి పట్టుకెళ్తుంది.

ఇవాళ నాకు తొమ్మిదో నెల.
ఆసనమేదీ వెయ్యలేదు.
కుర్చీలో కూర్చుని
ఊపిరి వచ్చి పోతుంటే చూశాను.
లోపలున్నది పక్కటెముకల కింద
మడమో మోకాలో గట్టిగా చాపింది.
తల కిందికే ఉందని నిన్న డాక్టరు చెప్పింది.
కాగితం లేదు, కుర్చీ లేదు,
నాకు వద్దన్నవన్నీ
అది చీకట్లో చేసుకుంటోంది.
నేను నిమిషాలు లెక్కపెట్టలేదు.

కిందికి దిగడానికి లిఫ్టు డబ్బులడగదు.
అయినా నా కుడి బూట్లో
నడుస్తుంటే చిన్నగా ఒత్తుకుంటూ
పది తేత్రీలున్నాయి.